బట్టకు ఎంత వేడి కావాలి?



బట్టలు ఆరబెట్టే యంత్రంలో వేడి ఎంత పెట్టుకోవాలి అన్నది ఈవేళ నా విషయం. "ఇంత చిన్న సంగతికి ఒక ప్రసంగమా! మీట నొక్కితే అదే ఆరబెడుతుంది కదా" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. ఆ మీట దగ్గరే వస్తుంది చిక్కంతా. మన చీరల ఆయుష్షు, పిల్లల దుస్తుల కొలతలు, నెల తిరిగేసరికి వచ్చే కరెంటు బిల్లు, ఒక్కొక్కప్పుడు ఇంటి క్షేమం కూడా దాని మీద ఆధారపడి ఉన్నాయి.

2008 మార్చిలో శంషాబాద్‌లో విమానాశ్రయం ప్రారంభమైంది. అంతకు ముందు మన విమానాలన్నీ బేగంపేట నుంచే ఎగిరేవి. శంషాబాద్ చుట్టుపక్కల, సాతంరాయి వైపూ తుక్కుగూడ వైపూ, ఆ తరువాత ఎన్ని ఇళ్ళు లేచాయో మీకు తెలుసు. పెరట్లో రెండు గుంజలు పాతి దండెం కట్టుకునే ఇళ్ళు తగ్గాయి, అపార్టుమెంట్లు పెరిగాయి. కొన్నింట్లో వీధి వైపు బాల్కనీలో బట్టలు ఆరేయకూడదని నియమం. ఆరేసుకోనిచ్చిన చోట పెద్ద రోడ్డు దుమ్ము. వీటికి తోడు వానాకాలం ముసురు. అందుకే ఆరబెట్టే యంత్రం ఒక్కొక్క ఇంట్లోకే వస్తోంది.

నాకు తెలిసిన ఒక ఇంట్లో కోడలు విమానాశ్రయంలో ఉద్యోగం చేస్తుంది. ఒక వారం పగటి డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. తెల్లవారుజామున మూడింటికి బండి వచ్చి గుమ్మంలో నిలబడితే, యూనిఫారం ఆరలేదని చెప్పడానికి వీల్లేదు. అందుకని యంత్రం కొనుక్కుంది. అత్తగారికి అదంటే పడదు. "ఆ డబ్బాలో నాలుగుసార్లు వేస్తే గుడ్డ పీలికలవుతుంది. ఎండకు మించిన యంత్రం ఉందటమ్మా?" అంటారావిడ. కోడలేమో, "అర్ధరాత్రి ఎండ ఎక్కణ్ణించి తేనండీ అత్తయ్యా?" అంటుంది. ఇద్దరి మాటా నిజమే. పెద్దావిడ కళ్ళారా చూసి చెబుతున్నారు, చిన్నామె అవసరం కొద్దీ చెబుతోంది. ఆ యంత్రాన్ని ఎప్పుడూ అన్నిటికన్నా ఎక్కువ వేడి మీదే నడుపుతున్నారు. ఆ ఒక్కటీ మార్చుకుంటే ఇద్దరికీ పేచీ ఉండదు.

ముందుగా ఒక మాట. మన ఇళ్ళల్లో డ్రయ్యర్ అనే పేరుతో రెండు వేరువేరు వస్తువులు చలామణీ అవుతున్నాయి. రెండు తొట్ల వాషింగ్ మెషీన్లో చిన్న తొట్టిని డ్రయ్యర్ అంటాం కదా, అందులో వేడి లేదు. అది బట్టల్ని గిరగిరా తిప్పి నీళ్ళు విదిలిస్తుంది, అంతే. మనం చేతులతో పిండే పని అది చేస్తుంది. నేను చెప్పబోయేది రెండో దాని గురించి. అది డ్రమ్ములో బట్టల్ని దొర్లిస్తూ వేడిగాలి పంపి పూర్తిగా ఆరబెట్టేది. కొందరికి ఇది విడిగా ఉంటుంది, కొందరికి ఉతికే యంత్రంలోనే కలిసి ఉంటుంది.

అసలు తడిబట్ట ఎలా ఆరుతుందో ఒక్కసారి ఆలోచించండి. వేసవిలో మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి? కుండ ఒంటి మీద ఊరిన చెమ్మ ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. జ్వరం వచ్చిన పిల్లవాడి నుదుట తడిగుడ్డ వేసేదీ అందుకే. యంత్రంలోనూ ఇదే ధర్మం. గుడ్డలో నీరు ఉన్నంతసేపూ, చుట్టూ గాలి ఎంత వేడిగా ఉన్నా, ఆ నీరు ఆవిరవుతూ గుడ్డను చల్లగా కాపాడుతుంది. నీరు అయిపోయాక కాపాడేవాళ్ళు లేరు. అప్పుడు గాలిలో ఉన్న వేడంతా తిన్నగా నూలుకు తగులుతుంది. పాలగిన్నె మాడేది ఎప్పుడు? పాలు ఇగిరిపోయిన తరువాతే కదూ! గుడ్డ సంగతీ అంతే. నష్టంలో పెద్ద భాగం మొదటి గంటలో కాదు, ఆరిపోయిన తరువాత కూడా తిరిగే ఆ చివరి పది, పదిహేను నిమిషాల్లో జరుగుతుంది.

పైగా, మనం పూర్తిగా ఆరింది అనుకునే నూలుబట్టలో కూడా చెమ్మ ఉంటుంది. మామూలు గాలిలో నూలు తన బరువులో నూటికి ఏడెనిమిది వంతుల నీటిని పట్టి ఉంచుకుంటుంది. పట్టు పదకొండు వంతుల దాకా, ఉన్ని పదహారు వంతుల దాకా ఉంచుకుంటాయి. ఆ చెమ్మే గుడ్డకు మెత్తదనం. దాన్ని కూడా లాగేస్తే బట్ట అట్టలా బిరుసెక్కుతుంది, పోగు పెళుసవుతుంది. పాలిస్టర్ అయితే నూటికి అర వంతు కూడా పట్టుకోదు. అందుకే నూలు తువ్వాలూ పాలిస్టర్ చొక్కా కలిపి వేస్తే, చొక్కా ఎప్పుడో ఆరిపోయి, తువ్వాలు ఆరేదాకా ఉత్తపుణ్యానికి వేడి తింటుంది.

దీన్నిబట్టి మనం పట్టుకోవలసిన సూత్రం ఒకటే. తక్కువ వేడి, కాస్త ఎక్కువ సేపు, కించిత్తు చెమ్మ ఉండగానే బయటికి. నిదానమే ప్రధానం అన్న పెద్దల మాట ఈ యంత్రానికి కూడా వర్తిస్తుంది.

ఇక మీటల సంగతి. కొత్త బట్ట మెడ దగ్గరో పక్క కుట్టులోనో చిన్న పట్టీ ఉంటుంది. గుచ్చుకుంటోందని దాన్ని కత్తిరించి పారేస్తూ ఉంటాం. పారేసే ముందు ఒక్కసారి చదవండి. చదరపు గడి, దాని లోపల ఒక సున్నా కనిపిస్తే అది ఆరబెట్టే యంత్రం గుర్తు. సున్నాలో ఒక చుక్క ఉంటే తక్కువ వేడి, అంటే గాలి 60 డిగ్రీలు దాటకూడదు. రెండు చుక్కలుంటే మామూలు వేడి, 80 డిగ్రీల దాకా. ఆ గడి మీద అడ్డంగా ఇంటూ గుర్తు ఉంటే యంత్రంలో వేయనేకూడదు. గడిలో సున్నా లేకుండా నిలువు గీత ఉంటే దండెం మీద ఆరేయమని. మూలన ఏటవాలు గీత ఉంటే నీడన ఆరేయమని. ఈ గుర్తులు అన్ని దేశాల్లోనూ ఇంచుమించు ఒకటే కనుక చదువుతో, భాషతో నిమిత్తం లేదు. తక్కువ వేడి అన్నాం కదా అని 60 డిగ్రీలను తేలిగ్గా తీసుకోకండి. ఆ వేడి నీళ్ళల్లో మనం చెయ్యి పెట్టలేం.

పట్టీ లేని బట్టలు మన ఇళ్ళల్లోనే ఎక్కువ. చీరకు పట్టీ ఎవరు కుడతారు? అందుకని రకాలవారీగా చెబుతాను.

దుప్పట్లు, తువ్వాళ్ళు, లుంగీలు, బనియన్లు లాంటి మామూలు నూలుబట్టలు మధ్య రకం వేడికి తట్టుకుంటాయి. అయితే కొత్త నూలు కుదించుకుపోతుంది. మగ్గం మీద పోగును బిగలాగి నేస్తారు. తడిసి, వేడి తగిలి, దొర్లినప్పుడు ఆ బిగువు సడలి పోగు తన అసలు పొడవుకు వచ్చేస్తుంది. అందుచేత పిల్లలకు నూలు గౌను కుట్టించే ముందు గుడ్డను ఒకసారి తడిపి ఆరేసి అప్పుడు కుట్టించడం, మన అమ్మలు చేసినట్లే, ఈనాటికీ మంచి పద్ధతి.

పాలిస్టర్, నైలాన్, వీటి మిశ్రమాలు, అంటే స్కూలు యూనిఫారాలు, ఆఫీసు ప్యాంట్లు, మన కోడలి ఉద్యోగపు దుస్తులు, ఇవన్నీ తక్కువ వేడికే. పాలిస్టర్ పోగు 70, 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఆ మెత్తదనంలో పడిన మడత, చల్లారేసరికి గట్టిపడి ఉండిపోతుంది. తరువాత ఎంత ఇస్త్రీ చేసినా ఒక పట్టాన పోదు. యంత్రం ఆఖరున కాసేపు వేడి లేని గాలితో తిప్పేది ఇందుకే. మధ్యలో తలుపు తీసి ఆ చల్లారే సమయాన్ని ఎగ్గొట్టకండి. ఆగగానే తీసి, దులిపి, హ్యాంగరుకు తగిలిస్తే ఇస్త్రీ పని సగం తప్పుతుంది.

సాగే బట్టలు, అంటే లెగ్గింగులు, లోదుస్తులు, ఎలాస్టిక్ ఉన్న మేజోళ్ళు, వీటికి వేడి శత్రువు. రబ్బరు జీవం పోయి వదులైపోతాయి. యంత్రంలో వేస్తే అతి తక్కువ వేడి, లేకపోతే ఫ్యాను కింద దండెం. నైటీలకూ కుర్తాలకూ వాడే రేయాన్ తడిసినప్పుడు చాలా బలహీనంగా ఉంటుంది, కుదించుకుపోతుంది కూడా. దాన్ని దొర్లించకుండా ఆరేయడమే మేలు. ఉన్ని స్వెట్టర్లు యంత్రంలో వేస్తే పెద్దవాళ్ళది పిల్లలకు సరిపోతుంది. వాటిని బల్ల మీద పరిచి ఆరబెట్టాలి.

ఇక మన పట్టుచీరలు. ధర్మవరం కానివ్వండి, పోచంపల్లి పట్టు కానివ్వండి, జరీ ఉన్నది ఏదైనా కానివ్వండి, యంత్రంలో వేయవద్దు. ఇందులో తక్కువ వేడీ ఎక్కువ వేడీ అని బేరాలు లేవు. అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండవలసింది గద్వాల చీరతో. శంషాబాద్ మీదుగా కర్నూలు వైపు సాగే పెద్ద రోడ్డు పట్టుకునే గద్వాల వెళతాం. అక్కడి నేత ప్రత్యేకత మీకు తెలిసిందే. ఒంటి భాగం నూలు, అంచూ పమిటా పట్టు. ఒక చీరలో రెండు స్వభావాలన్నమాట. నూలు ఒకలాగ ముడుచుకుంటుంది, పట్టు మరొకలాగ. మా బంధువుల ఇంట్లో ఒకావిడ తన తల్లి కట్టుకున్న గద్వాల చీర, "పైన నూలే కదా" అని దుప్పట్లతో పాటు యంత్రంలో వేసింది. చీర చిరగలేదు, రంగు పోలేదు. కాని అంచు పొడవునా అలలు అలలుగా ముడతలు. ఎవరు ఎన్ని విధాల సాగదీసినా ఆ అంచు మళ్ళీ తిన్నగా నిలబడలేదు. కొత్త చీర అయితే డబ్బుతో పోయేది. ఆ చీర కట్టుకున్న మనిషి ఇప్పుడు లేరు.

గంజి పెట్టిన బట్టలు కూడా అందులో వేయకండి. గంజి పొట్టు రాలి యంత్రానికి అంటుకుంటుంది, గుడ్డకు గంజి నిలవదు. మంగళగిరి నూలుచీరకు గంజి, నీడపట్టున దండెం, తరువాత ఇస్త్రీ. దానికి ఆ మర్యాదే జరగాలి.

ఇప్పుడు వాడే పద్ధతి. మొదటిది, యంత్రంలో వేసే ముందు నీళ్ళు బాగా విదిలించండి. ఒక లీటరు నీటిని ఆవిరి చేయాలంటే సుమారు యూనిట్టులో మూడింట రెండు వంతుల వేడి కావాలి. అదే నీటిని గిరగిరా తిప్పి విదిలించడానికి అయ్యే కరెంటు చాలా స్వల్పం. కనుక మందపు నూలుబట్టల్ని రెండోసారి తిప్పితే బిల్లూ తగ్గుతుంది, గుడ్డ వేడిలో ఉండే సమయమూ తగ్గుతుంది. రెండోది, బరువు బట్టలూ తేలిక బట్టలూ కలపకండి. మూడోది, డ్రమ్ము కుక్కకండి. ఉతికినన్ని బట్టలు ఒక్కసారే ఆరవు. గాలి ఆడడానికి చోటుండాలి. నాలుగోది, గడియారం పెట్టి నడిపే యంత్రమైతే మీరు అనుకున్నదానికన్నా తక్కువ సమయం పెట్టండి. చూసుకుని మరో పది నిమిషాలు ఇవ్వవచ్చు, మాడిన తరువాత వెనక్కి తీసుకోలేం. చెమ్మను తనంతట కనిపెట్టే యంత్రాల్లో ఐరన్ డ్రై అని ఒక మీట ఉంటుంది. ఇస్త్రీకి సరిపడా చెమ్మ ఉంచి ఆగిపోతుంది. ఎలాగూ ఇస్త్రీ చేసుకునే మనకు అదే తగినది.

కొత్తగా కొనదలచిన వారికి ఒక మాట. హీట్ పంప్ అనే రకం యంత్రాలు ఖరీదు ఎక్కువైనా తక్కువ వేడి మీద నడుస్తాయి, కరెంటు పాత రకంలో సగమో అంతకన్నా తక్కువో తింటాయి. సమయం మాత్రం ఎక్కువ తీసుకుంటాయి. బట్టకు ఆ నిదానమే మంచిది.

ప్రతిసారీ యంత్రంలోని జల్లెడ తీసి చూడండి. దూదిలాంటి నూగు పేరుకుని ఉంటుంది. అది ఎక్కడి నుంచి వచ్చింది? మన బట్టల్లోంచే. ఎక్కువసేపు తిప్పిన కొద్దీ ఆ నూగు ఎక్కువవుతుంది. దాన్ని ప్రతిసారీ తీసేయాలి, ఎందుకంటే నిప్పుకు అంతకన్నా సులువైన మేత లేదు. అమెరికా అగ్నిమాపక పాలన సంస్థ 2008 నుంచి 2010 దాకా లెక్కలు తీస్తే, ఇళ్ళల్లో ఇలాంటి యంత్రాల వల్ల ఏడాదికి సుమారు 2,900 అగ్ని ప్రమాదాలు జరుగుతున్నాయని తేలింది. ముఖ్య కారణాల్లో మొదటిది యంత్రాన్ని శుభ్రం చేయకపోవడమే.

ఇంతకన్నా ముఖ్యమైన హెచ్చరిక మన ఇళ్ళకే ప్రత్యేకం. మనది నూనె ఇల్లు. పసిపిల్లలకు నూనె మర్దన చేస్తాం, పండుగనాడు తలంట్లు పోస్తాం, వంటింట్లో జిడ్డు గుడ్డలుంటాయి. నువ్వుల నూనె, వేరుశనగ నూనె వంటివి ఇంకిన గుడ్డ ఉతికినా నూనె పూర్తిగా పోదు. అలాంటి గుడ్డలు వేడిగా ఉండగా కుప్పపోస్తే, నూనె గాలితో కలిసి తనంతట తానే వేడెక్కుతుంది. ఆ వేడి బయటికి పోయే దారిలేక పెరిగి, యంత్రం ఆపేసిన తరువాత కూడా అంటుకోవచ్చు. అందుచేత నూనె తువ్వాళ్ళు, వంటింటి మసిగుడ్డలు, రబ్బరు అడుగున్న పట్టాలు యంత్రంలో ఎన్నటికీ వేయవద్దు. వాటికి దండెమే క్షేమం. ఆరిన బట్టల్ని కూడా వేడివేడిగా బుట్టలో కుక్కి ఉంచకుండా విప్పి మడతపెట్టండి.

ఇంత చెప్పానని ఏడాది పొడుగునా యంత్రం నడపమని కాదు. అమెరికాలో 1938లో విద్యుత్తుతో నడిచే ఆరబెట్టే యంత్రాన్ని ఒక కంపెనీ అమ్మకానికి పెట్టినప్పుడు దానికి జూన్ డే అని పేరు పెట్టిందట. వాళ్ళకు జూన్ నెల అంటే హాయిగా ఎండ కాసే రోజులు. మనకో? జూన్ వస్తే ఎండ వెళ్ళిపోయి వాన వస్తుంది! కనుక మనకు యంత్రం అవసరం జూన్ నుంచి సెప్టెంబరు దాకా, అదీ ముసురు పట్టిన రోజుల్లో. ఏప్రిల్, మే నెలల్లో శంషాబాద్ గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, నీడన వేసిన చీర కూడా వంట పూర్తయ్యేసరికి ఆరుతుంది. ఆ రోజుల్లో మాత్రం ఎండను కూడా మితంగానే వాడండి. రంగుబట్టల్ని తిరగేసి, నీడన ఆరేయండి. మండుటెండ రంగును తినేస్తుంది, పట్టును పసుపుపచ్చగా మారుస్తుంది. అతి అయితే ఎండా మంచిది కాదు, యంత్రమూ మంచిది కాదు. యంత్రం లేని ఇళ్ళవారు చింతపడనక్కరలేదు. గదిలో దండెం కట్టి, బట్టకూ బట్టకూ నడుమ జానెడు ఎడం ఇచ్చి, కిటికీ కాస్త తెరిచి ఫ్యాను వేస్తే చాలు. ఆరడానికి వేడికన్నా గాలి ముఖ్యం.

కూతురి పురుటికనో కోడలి పురుటికనో శంషాబాద్‌లో విమానం ఎక్కి అమెరికా వెళ్ళే అమ్మలకు ప్రత్యేకంగా ఒక మాట. అక్కడ చాలా ఇళ్ళల్లో దండెం ఉండదు, ఉతికిన ప్రతి గుడ్డా యంత్రంలోకే పోతుంది. మీరు స్నానానికి వెళ్ళి వచ్చేసరికి, మీకు సాయం చేద్దామని పిల్లలు మీ నూలుచీరను కూడా అందులో పడేస్తారు. వెళ్ళిన మొదటి రోజే మీ చీరలు విడిగా పెట్టమని చెప్పండి. తప్పనిసరి అయితే మీట లో అన్న చోట గాని, డెలికేట్ అన్న చోట గాని పెట్టించండి. మనవడి నూనె తువ్వాలు మాత్రం మీ చేత్తోనే ఉతికి, స్నానాల గదిలో ఆరేయండి. ఎందుకో పిల్లలకు కూడా చెప్పండి. ఈ సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పి ఉండరు.

ఇందాక చెప్పిన అత్తాకోడళ్ళు ఇప్పుడు ఒక ఏర్పాటు చేసుకున్నారు. యూనిఫారాలూ దుప్పట్లూ యంత్రానికి, తక్కువ వేడి మీద. చీరలూ నూనె గుడ్డలూ అత్తగారి దండేనికి. ఏది ఎందులోకి పోవాలో విడదీసే పని ఇద్దరిదీ. మీ ఇంట్లో కూడా రెండు బుట్టలు పెట్టుకుని చూడండి. తెలియని బట్ట చేతికి వస్తే దండెం బుట్టలోనే వేయండి. ఆరడానికి నాలుగు గంటలు ఆలస్యమైతే అవుతుంది గాని, గుడ్డ మాత్రం నాలుగు కాలాలపాటు ఉంటుంది.